పశువుకు జ్వరం వస్తే ముందు రక్తం చూడండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఈ వర్షాకాలం మొదట్లో మీ పత్రిక విశాఖపట్నం జిల్లా పేజీలో, పల్లెల్లో పాడి ఆవులు ‘అంతుచిక్కని వ్యాధి’తో చనిపోతున్నాయని ఒక చిన్న వార్త వచ్చింది. విపరీతమైన జ్వరం, భుజం ముందు వాపు, ఆయాసం, నల్లటి పేడ, వారం పది రోజుల్లో చావు అంటూ లక్షణాలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసిన విలేకరి, జబ్బుకు పేరు మాత్రం చెప్పలేకపోయారు. ఆ లక్షణాలకు పేరుంది. అది వందేళ్లకు పైగా శాస్త్రానికి తెలిసిన థైలేరియాసిస్ అనే రక్తవ్యాధి. దాన్ని మోసుకొచ్చేది మనం పిడుదులనీ, కొన్నిచోట్ల గోమార్లనీ పిలిచే పురుగు. ఈ మాట చెప్పడానికి నేను పశువైద్యుణ్ణి కాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసి, ఆనందపురం మండలంలోని మా సొంత ఊళ్లో రెండు ఆవులను పెట్టుకున్నవాణ్ణి. ఆ రెండింటిలో ఒకటి కిందటేడు శ్రావణమాసంలో ఇదే జబ్బుతో చనిపోయింది. దాన్ని కోసి చూసినప్పుడు పక్కనే నిలబడి కళ్లారా చూసినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

అది జెర్సీ సంకరం ఆవు, రెండో ఈత, పూటకు ఆరేడు లీటర్లు ఇచ్చేది. ఒక సాయంత్రం పాలు సగానికి పడిపోయాయి. ఎప్పుడూ చెమ్మగా ఉండే మూతి ఎండిపోయింది, కుడితి ముట్టలేదు, నెమరు ఆగిపోయింది. థర్మామీటరు పెడితే 105 డిగ్రీలు దాటింది. ఆవుకు 101, 102 డిగ్రీలు మామూలే గాని అంతకు మించితే జ్వరమే. ఊళ్లో పశువులకు సూదులు వేసే ఒకాయన వచ్చి జ్వరం సూది వేశాడు. తెల్లారేసరికి వేడి తగ్గింది, నాలుగు పరకలు మేసింది, మేమూ ఊపిరి పీల్చుకున్నాం. మళ్లీ సాయంత్రానికి అంతే జ్వరం, మళ్లీ అదే సూది. ఇలా మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు ఒళ్లు నిమురుతుంటే భుజం ముందు, చర్మం కింద, నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. ఏదో కుట్టి ఉంటుందనుకుని పసుపు రాసి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు శోషరస గ్రంథుల (లింఫ్ గ్రంథుల) బొమ్మ గీసి చూపించిన నా చేతికి ఆ గడ్డ ఏమిటో తెలియలేదు. ఆరో రోజుకు కంటి తెల్లగుడ్డు పసుపు తిరిగింది, డొక్కలు ఎగరేయడం మొదలైంది. అప్పుడు గాని పశువైద్యుడికి కబురు పెట్టలేదు. ఆయన వచ్చి గడ్డను ఒక్కసారి పట్టి చూసి, పొదుగు వెనక, తొడల సందున వేళ్లు పోనిచ్చి రెండు పిడుదులను తీసి నా అరచేతిలో పెట్టారు. చెవి నుంచి రక్తపు చుక్క తీసుకుని, ఇవ్వవలసిన మందు ఇచ్చి, “మాస్టారూ, ఈ మందు జబ్బు క్రిమిని చంపుతుంది. అది ఇప్పటికే లోపల చేసిన పాడును మాత్రం బాగు చెయ్యలేదు” అన్నారు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఆవు పోయింది.

శవపరీక్ష ఊరి చివర చెరువు గట్టు దిగువన, వేపచెట్టు కింద జరిగింది. ముందుగా వైద్యుడు ముక్కు, మలద్వారం పరిశీలించి, రక్తం కారడం లేదని నిర్ధారించుకుని, చెవి రక్తాన్ని స్లైడు మీద చూసిన తరువాతే కత్తి పట్టారు. దొమ్మ (ఆంత్రాక్స్) అనుమానం ఉంటే పశువును కోయనే కూడదు గనుక ఈ జాగ్రత్తను ప్రత్యేకంగా రాస్తున్నాను. చర్మం విప్పగానే లోపలి కొవ్వు పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. భుజం ముందున్న శోషరస గ్రంథిని కోస్తే, బత్తాయి అంత ఉబ్బిన ఆ గడ్డలోంచి నీరు కారింది, లోపల అక్కడక్కడా రక్తం చిమ్మి ఉంది. కాలేయం పెద్దదై, పచ్చబారి, వేలితో నొక్కితే చిట్లిపోయేంత మెత్తగా ఉంది. ప్లీహం మామూలుకన్నా ఎంతో పెద్దదిగా, అంచులు గుండ్రబడి కనిపించింది. ఊపిరితిత్తులు బరువుగా, తడి స్పంజిలా ఉన్నాయి; గాలిగొట్టం చీలిస్తే నురగ. మూత్రపిండాల మీద బఠాణీ గింజలంత తెల్లటి మచ్చలు. గుండె పైపొర మీద సూదిమొనతో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. అన్నిటికన్నా నన్ను కలచివేసింది నాలుగో జీర్ణాశయం, అంటే అబోమేసం. దాన్ని చీల్చి నీళ్లతో కడిగి తిప్పి చూపిస్తే, లోపలి పొర మీద పంచింగు మిషనుతో కాగితానికి రంధ్రాలు పొడిచినట్టు గుండ్రటి పుండ్లు, ఒక్కొక్క దాని చుట్టూ ఎర్రటి గీత. లెక్కపెట్టబోయి ముప్పై దాటాక ఆపేశాను. చివరి రెండు రోజులు పేడ తారులా నల్లగా ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆ పుండ్ల నుంచి కారిన రక్తం పేగుల్లో నల్లబడి అలా బయటికి వచ్చింది. మేత ముందు పెట్టి, తినలేదని దాన్ని బతిమాలిన మాకు లోపల ఇంత జరుగుతోందని తెలియదు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చికిత్సకు ఎంత గడువు ఉందో ఈ వివరంలోనే ఉంది. థైలేరియా యాన్యులేటా అనే ఏకకణ జీవి, హయలొమ్మా జాతి పిడుదు లాలాజలంతో పాటు పశువు ఒంట్లోకి వస్తుంది. పిడుదు కరిచిన నిమిషంలోనే అది రాదు. పిడుదు రక్తం పీల్చడం మొదలుపెట్టిన తరువాత రెండు మూడు రోజులకు గాని క్రిమి దాని లాలాజల గ్రంథుల్లో పక్వానికి రాదు. ఒంట్లోకి చేరాక క్రిమి మొదట పట్టేది, మనం అనుకునేట్టు ఎర్ర రక్తకణాలను కాదు, శరీరాన్ని కాపాడవలసిన తెల్ల రక్తకణాలను. ఆ కణంలో కూర్చుని, దాన్ని ఆగకుండా విభజన చెందేలా మార్చేస్తుంది. కణం రెండయ్యే వేళ దాని క్రోమోజోములను ఇటూ అటూ లాగే దారాలకే తానూ అతుక్కుని, తానూ రెండుగా చీలి, చెరొక పిల్లకణంలోకి చేరుతుంది. కాపలావాడే దొంగను ఇంటింటికీ తిప్పినట్టు, అలా పెరిగిన కణాలు శోషరసంలో, రక్తంలో ప్రయాణించి కాలేయంలో, ప్లీహంలో, ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో, అబోమేసం గోడల్లో గుంపులు గుంపులుగా స్థిరపడతాయి. అవి విడుదల చేసే రసాయనాల వల్ల అక్కడి కణజాలం మంటెక్కి, సన్న రక్తనాళాలు చెమ్మ కారి, కొన్నిచోట్ల రక్తప్రసరణ ఆగి కణజాలం చచ్చిపోతుంది. నేను చూసిన పుండ్లు, మచ్చలు, నురగ అన్నీ దీని ఫలితాలే. కణం తీరు క్యాన్సరు కణం తీరును పోలి ఉంటుందని శాస్త్రజ్ఞులు దీన్ని ఎంతో ఆసక్తిగా పరిశోధిస్తారు. విశేషమేమిటంటే మందుతో క్రిమి చనిపోతే ఆ కణం విపరీతంగా విభజన చెందడం మానేస్తుంది.

ఎర్ర రక్తకణాల వంతు ఆ తరువాత వస్తుంది. తెల్లకణాలు పగిలి బయటపడిన క్రిములు ఎర్రకణాల్లో దూరుతాయి. క్రిమి చేరిన కణాన్ని, కొన్నిసార్లు చేరని కణాన్ని కూడా, ప్లీహం పట్టి నాశనం చేస్తుంది. రక్తం పలచబడుతుంది, కామెర్లు కనిపిస్తాయి, ప్రాణవాయువు చాలక అప్పటికే దెబ్బతిన్న కాలేయం మరింత పాడవుతుంది. అంటే రైతు కంటికి పసుపు రంగు కనిపించే నాటికి జబ్బు రెండో అంకంలో ఉంటుంది. మొదటి అంకమంతా భుజం ముందున్న ఆ గడ్డలో, ఎవరూ చూడకుండా నడిచిపోతుంది. దూడల్లో కనుగుడ్లు ముందుకు పొడుచుకు రావడం, చూడి ఆవులు ఈసుకుపోవడం (గర్భస్రావం) కూడా ఈ జబ్బులో ఉన్నాయి.

పిడుదులు తెచ్చే జబ్బులు ఇదొక్కటే కాదు. బెబీసియాసిస్‌లో ఎర్రకణాలు రక్తనాళాల్లోనే పగిలిపోయి, వాటిలోని రంగు మూత్రపిండాల గుండా దిగి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అనాప్లాస్మోసిస్‌లో రక్తహీనత, కామెర్లు తీవ్రంగా ఉన్నా మూత్రం ఎర్రబడదు, ఎందుకంటే అక్కడ కణాలు నాళాల్లో గాక ప్లీహం వంటి అవయవాల్లో నాశనమవుతాయి. మూడింటికీ మందులు వేరు: థైలేరియాకు బ్యూపార్వాక్వోన్, బెబీసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. మూడింటికీ మొదటి రోజు లక్షణం ఒక్కటే, జ్వరం. రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద చూడకుండా వీటిని విడదీయడం ఎంత అనుభవమున్నవారికైనా కష్టం. జ్వరం సూదితో వేడిని దించితే, రైతుకు పశువు కోలుకున్నట్టు కనిపించి, క్రిమికి మూడు నాలుగు రోజుల గడువు దొరుకుతుంది. ఆ సూదితో పాటు స్టెరాయిడ్ కూడా కలిపి వేస్తే పశువు రోగనిరోధక శక్తి తగ్గి పరిస్థితి ఇంకా విషమిస్తుంది. మా ఆవుకు ఆ మూడు రోజుల్లో ఏమేమి వేశారో నేను అడగలేదు. ఆ తప్పు నాది.

నా విన్నపం ఇక్కడే మొదలవుతుంది. జ్వరానికి రక్తపూత తీయడం విశాఖ ప్రాంతానికి కొత్త కాదు. మన్యం దగ్గరలో ఉన్నందున మలేరియా మనకు బాగా తెలిసిన జబ్బు. జ్వరమనగానే ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి వేలు గుచ్చి, గాజు పలక మీద పూత తీసుకెళ్లడం నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన సంగతి మన తెలుగు పిల్లలందరికీ పాఠంగా చెబుతాం. నేనూ చెప్పాను. అయితే అంతకు నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు, పశువుల రక్తజ్వరాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు మోసేది పిడుదే అని నిరూపించి ప్రకటించారు. పురుగు వల్ల రక్తవ్యాధి సోకుతుందన్న సంగతి దోమకన్నా ముందు పిడుదు విషయంలోనే తేలింది. మనిషి జ్వరానికి స్లైడు అలవాటైన మనకు, పశువు జ్వరానికి మాత్రం స్లైడు అలవాటు కాలేదు.

ఇందుకు కావలసినవి ఏమంత పెద్ద సామగ్రి కాదు. చెవి అంచున ఉన్న సన్నని నరం దగ్గర వెంట్రుకలు కత్తిరించి, స్పిరిటుతో తుడిచి, సూదితో గుచ్చితే వచ్చే మొదటి చుక్కను స్లైడు మీద పలుచగా లాగి ఆరబెట్టాలి. మిథనాల్‌లో కొద్ది నిమిషాలు ఉంచి, జీమ్సా రంగు అద్ది, అరగంట ముప్పావుగంట తరువాత కడిగి, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపించే నూనె కటకం కింద చూడాలి. గడ్డ వాచిన తొలి రోజుల్లో రక్తంలో క్రిమి కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ గడ్డలోంచి సూదితో తీసిన చెమ్మను పూస్తే తెల్లకణాల్లో నీలి ముద్దలు కనిపిస్తాయి. వాటినే కాక్ నీలి కణికలంటారు. జిల్లాలో రైతు సేవా కేంద్రాలున్నాయి, వాటిలో పశుసంవర్ధక సహాయకులున్నారు. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. పొరుగునే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పూత తీయడం సహాయకుల చేత చేయించి, వాటిని అదే రోజు మండలంలోని పశువైద్యశాలకు చేర్చి, సాయంత్రానికి ఫలితం రైతు ఫోనుకు పంపే ఏర్పాటు మన జిల్లాలో ఈ వర్షాకాలంలోనే మొదలుపెట్టవచ్చు. రంగు సీసా, పలకలు, ఆ రంగు అద్దడంలో నాలుగు రోజుల శిక్షణ, ప్రతి పశువైద్యశాలలో పనిచేసే సూక్ష్మదర్శిని ఉంటే చాలు. ఉన్న సూక్ష్మదర్శిని దుమ్ము పట్టి ఉంటే దాన్ని తుడిచి వాడేవారు కావాలి.

దీంతో పాటు శవపరీక్ష కూడా అలవాటు కావాలి. బీమా ఉన్న పశువు చనిపోతే పరిహారం కోసం శవపరీక్ష చేయిస్తారు. బీమా లేని పశువును ఎవరూ చూడకుండానే పూడ్చిపెడతాం. దొమ్మ కాదని తేలిన ప్రతి మరణంలో గ్రంథులు, అబోమేసం, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చూసి నాలుగు వాక్యాలు రాసి ఉంచితే, ఏ ఊళ్లో ఏ జబ్బు తిరుగుతోందో శాఖకు తెలుస్తుంది, మీ విలేకరికీ తెలుస్తుంది. చనిపోయిన పశువు బతికున్నవాటికి చేయగల ఉపకారం అదొక్కటే. మా ఆవు విషయంలో ఆ పని జరిగింది కాబట్టే, మా వీధిలో తరువాత జ్వరం వచ్చిన రెండు ఆవులకు రెండో రోజుకే మందు పడి, అవి ఈ రోజు పాలిస్తున్నాయి.

పిడుదుల సంగతి కూడా చెప్పాలి. మనం మందు పశువు ఒంటి మీదే కొడతాం. థైలేరియాను మోసే పిడుదు తన జీవితంలో ఎక్కువ భాగం పశువు మీద ఉండదు. పాక గోడల పగుళ్లలో, గాటి పక్క రాళ్ల సందుల్లో, పాత తాటాకుల కింద దాక్కుని గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడ పిడుదు పెట్టే గుడ్లు వేలల్లో ఉంటాయి. ఆవును కడిగి, తోమి, మందు కొట్టి తీసుకెళ్లి మళ్లీ అదే గోడకు కట్టేస్తే వారం తిరక్కుండా పిల్ల పిడుదులు ఎక్కుతాయి. గోడ పగుళ్లు పూడ్చి సున్నం కొట్టడం, పగుళ్లలో వైద్యుడు చెప్పిన పిడుదుల మందు చల్లడం, కొత్తగా కొన్న పశువును పది పదిహేను రోజులు విడిగా కట్టడం తప్పనిసరి. చనిపోయిన ఆవును నేను గోదావరి జిల్లాల వైపు నుంచి తెచ్చిన రోజునే పాతదాని పక్కన కట్టేశాను. పొదుగు వెనక, తోక కింద, చెవి లోపల రోజూ చేత్తో తడిమి పిడుదును తీసేస్తే, పైన చెప్పిన రెండు మూడు రోజుల వ్యవధి మనకు అక్కరకొస్తుంది. ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే పిడుదులు దానికి లొంగకుండా పోతాయి; పాలిచ్చే పశువుకు ఐవర్‌మెక్టిన్ సూదులు ఇష్టమొచ్చినట్టు వేయడమూ కూడదు, ఆ మందు పాలలో దిగుతుంది. ఆనందపురం, పెందుర్తి, భీమిలి వైపు నుంచి తెల్లవారుజామున నగరానికి చేరే పాల క్యాన్ల మీద ఆధారపడిన కుటుంబాలకు కూడా ఇది సంబంధించిన విషయమే.

మన ఒంగోలు జాతికి ఈ జబ్బు సోకదని కాదు, సోకినా తట్టుకుంటుంది. బ్రెజిల్ వాళ్లు దాన్ని తీసుకెళ్లి నెల్లోర్ పేరుతో అంతగా పెంచుకోవడానికి ఎండకు, పిడుదులకు ఓర్చుకునే ఆ గుణం ఒక కారణం. పాల కోసం మనం సంకరజాతిని ఎంచుకున్నాం; 2019 పశుగణన నాటికి దేశంలోని 19 కోట్ల పైచిలుకు ఆవుజాతి పశువుల్లో 5 కోట్లకు పైగా విదేశీ, సంకర జాతులవే. ఆ ఎంపికను నేను తప్పుపట్టను, మా ఇంటి ఖర్చులు ఆ పాలతోనే గడిచాయి. అయితే అంత సుకుమారమైన పశువును చేతిలో పెట్టినప్పుడు దానికి వచ్చే జబ్బు గురించి కూడా రైతుకు చెప్పవలసింది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారుచేసిన రక్షావాక్-టి అనే టీకా ఈ జబ్బుకే ఉద్దేశించినది. రెండు నెలలు దాటిన సంకరజాతి పశువులకు వేస్తారు, చూడి ఆవులకు వేయరు. బలహీనపరచిన సజీవ కణాలతో చేసింది గనుక ద్రవ నత్రజనిలో భద్రపరచాలి. కృత్రిమ గర్భధారణ కోసం ఆ నత్రజని పాత్రలు మన పశువైద్యశాలల్లో ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి, ఈ టీకాను పల్లెకు చేర్చడం గురించి శాఖ ఆలోచించాలని కోరుతున్నాను.

చివరిగా తమరికి ఒక విన్నపం. తొలకరి మొదలైన వారంలో జిల్లా పేజీలో నాలుగు అంగుళాల చోటు కేటాయించి, ఆవు పక్కనుంచి తీసిన ఒక ఫొటో మీద భుజం ముందున్న గ్రంథి చోటును గుండ్రంగా గీసి ప్రచురించండి. దాని కింద, “జ్వరం ఉండి ఇక్కడ గడ్డ తగిలితే జ్వరం సూది వేయించే ముందు రక్తం పరీక్ష చేయించండి, 1962కు ఫోను చేయండి” అన్న ఒక్క వాక్యం చాలు. పాలకేంద్రం గోడకు అతికించుకునేలా పెద్ద అక్షరాల్లో వేస్తే మరీ మంచిది. చనిపోయిన ఆవు పెయ్య మా పాకలోనే పెరుగుతోంది. ప్రతి సాయంత్రం కుడితి పెట్టేటప్పుడు దాని రెండు భుజాల ముందు వేళ్లు పెట్టి చూస్తున్నాను. ఈ రోజు వరకు ఏమీ తగల్లేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా.